కొక్కెర తెగులు నుంచి పెరటి కోళ్లను కాపాడుకోవడం ఎలా?

కొక్కెర తెగులు సోకిన కోడిని నయం చేసే మందు ఇప్పటివరకు లేదు. ఎవరైనా ఉందని చెప్పి సీసా చేతిలో పెడితే, ఆ డబ్బు పోయినట్టే. ఈ మాట మొదటే ఎందుకు చెబుతున్నానంటే, చాలామంది జబ్బుపడ్డ కోడి చుట్టూ తిరుగుతూ రెండు మూడు రోజులు గడిపేస్తారు. ఆలోగా మిగిలినవాటికి అంటుకుంటుంది. టీకా వేయని మందలోకి ఉగ్రమైన రకం దిగితే ఒక్క కోడి కూడా మిగలకపోవచ్చు. కాబట్టి మీరు చేయాల్సింది రెండే. కోళ్లు హుషారుగా తిరుగుతున్నప్పుడే టీకా వేయించాలి. తెగులు వచ్చిన రోజున, పోయే కోడిని కాదు, బాగున్న కోళ్లను చూసుకోవాలి.

దీన్నే రాణిఖెట్ అనీ, న్యూకాజిల్ వ్యాధి అనీ అంటారు. టీకా సీసాల మీద ఈ రెండు పేర్లలో ఏది ఉన్నా కంగారు పడకండి, అది ఈ తెగులుదే. 1926లో జావా దీవిలోనూ, ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ దగ్గరా దీన్ని తొలిసారి గుర్తించారు. అప్పటి నుంచి దాదాపు కోళ్లున్న ప్రతిచోటా ఇది కనిపిస్తూనే ఉంది.

మొదట గుర్తుపట్టండి

వైరస్ ఒంట్లోకి వెళ్లాక లక్షణాలు బయటపడటానికి 2 నుంచి 15 రోజులు పడుతుంది. ఎక్కువగా ఐదారు రోజుల్లోనే తేలిపోతుంది. పొద్దున గూడు తలుపు తీయగానే ఎగబడి బయటికి రావాల్సిన కోడి ఓ మూలన రెక్కలు వేలాడేసి, ఈకలు ఉబ్బించుకుని, కళ్లు మూసుకుని కూర్చుందంటే అక్కడే ఆగి చూడండి. మేత ముట్టదు. ఆకుపచ్చగా, నీళ్లనీళ్లగా, మధ్యమధ్య తెల్లగా రెట్ట వేస్తుంది. ముక్కు నుంచి నీరు కారుతుంది. మెడ చాచి, నోరు తెరిచి గాలి పీలుస్తుంది. రాత్రి గూటి దగ్గర నిలబడితే గురగుర శబ్దం వినిపిస్తుంది. కొన్నింటికి కళ్ల చుట్టూ వాపు వస్తుంది. పెట్టలు ఉన్నట్టుండి గుడ్లు మానేస్తాయి, లేదా పెంకు లేని తోలుగుడ్లు పెడతాయి.

ఆ దశ దాటిన వాటిలో నరాల లక్షణాలు మొదలవుతాయి. మెడ వంకర తిరిగిపోతుంది, తల వెనక్కో పక్కకో మెలిపడుతుంది. కాళ్లూ రెక్కలూ పడిపోతాయి. గింజను పొడవబోతే ముక్కు పక్కన ఎక్కడో నేలకు తగులుతుంది. గిరగిరా తిరిగి పడిపోతుంది. ఈ మెడ తిరుగుడు చూశాకే చాలామంది "కొక్కెర వచ్చింది" అంటారు కానీ, అప్పటికే ఆలస్యమైపోయినట్టు లెక్క. తీవ్రమైన రకం వస్తే ఈ లక్షణాలేవీ లేకుండానే, రాత్రి బాగున్న కోళ్లు తెల్లారేసరికి చచ్చి పడి ఉంటాయి.

మెడ తిరిగిన ప్రతి కోడికీ కొక్కెరే అనుకోవద్దు. విటమిన్ల లోపం వల్ల కూడా పిల్లల తల వెనక్కి వాలిపోతుంది. మారెక్స్ వ్యాధిలో ఒక కాలు ముందుకూ ఒకటి వెనక్కూ చాచి పడిపోతాయి, కానీ అది మందంతటినీ రెండు రోజుల్లో ఊడ్చేయదు. రెట్టలో రక్తం కనిపిస్తే కాక్సిడియోసిస్ కావచ్చు, దానికి మందు ఉంది. అందుకే పశువైద్యుడికి చూపించకుండా నిర్ధారణకు రావద్దు.

అన్నిటికన్నా ముఖ్యమైన అనుమానం బర్డ్ ఫ్లూ. ఒకేసారి చాలా కోళ్లు చావడం, ముఖం వాయడం, తురాయి నీలంగా నల్లబడటం, కాళ్ల మీద ఎర్రటి మచ్చలు పడటం కనిపిస్తే దాన్నే అనుమానించాలి. అయితే ఇవి లేకపోయినా అది కాదని చెప్పలేం. కంటితో చూసి ఈ రెంటినీ వేరు చేయడం అనుభవజ్ఞుడైన డాక్టరుకు కూడా సాధ్యం కాదు, ప్రయోగశాలలో పరీక్షించాల్సిందే. బర్డ్ ఫ్లూ మనుషుల ప్రాణాల మీదికి తెచ్చే అవకాశం ఉంది. కాబట్టి ఏం జబ్బో చూద్దామని చచ్చిన కోడి పొట్ట కోయకండి. ప్రభుత్వ పశువైద్య సిబ్బందికి కబురు చేయండి. రెండూ అధికారులకు తెలియజేయాల్సిన వ్యాధులే.

అనుమానం వచ్చిన రోజే చేయాల్సినవి

ముందుగా కోళ్లన్నిటినీ ఆపండి. బయట తిరిగే కోళ్లను లోపలికి తోలి తలుపు వేయండి. డాక్టరు వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు, ఇది మీరు ఆ నిమిషంలోనే చేయొచ్చు.

తర్వాత జబ్బుపడ్డవాటిని విడదీయండి. ఇక్కడో తిరకాసు ఉంది. సాధారణంగా జబ్బు కోడిని పట్టుకెళ్లి వేరే చోట పెడతారు. ఆ దారంతా అది రెట్ట వేసుకుంటూ, ముక్కు చీదుకుంటూ పోతుంది. వీలైతే జబ్బు కోళ్లను ఉన్నచోటే ఉంచి, బాగున్నవాటిని శుభ్రమైన కొత్త చోటికి, కొత్త నీళ్ల పాత్రలతో మార్చడం మేలు. గాలి వాటున కాకుండా, ఎంత దూరం వీలైతే అంత దూరంగా ఉంచండి. అయితే ఇలా మార్చిన వాటిలో కూడా కొన్నింటికి లోపల జబ్బు మొదలై ఉండొచ్చు. అందుకని కొత్త చోట అన్నిటినీ ఒకే గుంపుగా కాక, రెండు మూడు చిన్న గుంపులుగా పెట్టండి. ఒకదానిలో బయటపడితే మిగతావి దక్కుతాయి.

మేత, నీళ్లు పెట్టే క్రమం మార్చండి. ముందు బాగున్న కోళ్ల పని పూర్తి చేసుకుని, చివరగా జబ్బు కోళ్ల దగ్గరికి వెళ్లండి. వచ్చాక చేతులు, కాళ్లు సబ్బుతో కడుక్కుని, బట్టలు మార్చాకే మళ్లీ బాగున్నవాటి దగ్గరికి వెళ్లాలి. జబ్బు కోళ్ల దగ్గరికి ఒక జత చెప్పులు ప్రత్యేకించి అక్కడే వదిలేయండి. ఇంట్లో ఇద్దరుంటే ఒకరు అటు, ఒకరు ఇటు చూసుకుంటే ఇంకా నయం. ముఖానికి మాస్కు, చేతులకు తొడుగులు వాడండి. కొక్కెర వైరస్ మన కంట్లో పడితే కళ్లు ఎర్రబడి నీరు కారుతాయి, సాధారణంగా కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. అయితే ఏ జబ్బో తేలేదాకా ఇది కొక్కెరే అనే ధీమాతో ఉండకూడదు. ఇంట్లో ఎవరికైనా జ్వరం, దగ్గు వస్తే డాక్టరుకు కోళ్ల సంగతి కూడా చెప్పండి.

జబ్బుపడ్డ కోళ్లను ఎవరికీ అమ్మకండి. "చచ్చేలోపు నాలుగు డబ్బులొస్తాయి" అని ఆ రోజే సంతకు పంపడం వల్లే ఈ తెగులు ఊరి నుంచి ఊరికి పాకుతోంది. ఇందులో మెత్తగా చెప్పడానికి ఏమీ లేదు. కోసి పంచడం కూడా అంతే: ఆ నెత్తురు, ఈకలు, పేగులు పడిన చోటల్లా వైరస్ పడుతుంది. కోసే మనిషికి కూడా ప్రమాదమే, అది బర్డ్ ఫ్లూ కాదని అప్పటికి ఎవరికి తెలుసు? ఆ రోజుల్లో పెట్టిన గుడ్లను పొదిగే పెట్ట కింద పెట్టకండి.

చచ్చిన కోళ్లను సంచిలో మూటగట్టి, కుక్కలు తవ్వలేనంత లోతుగా గొయ్యి తీసి, పైన సున్నం చల్లి పూడ్చండి. కాల్చినా సరే. బావికీ, కాలువకీ దూరంగా ఉండాలి. చెత్తకుప్పలో వేయడం, వాగులోకి విసరడం అంటే పక్క ఊరికి పార్శిల్ కట్టినట్టే.

జబ్బు కోడికి ఏం చేయగలం?

దాని ఒంట్లోని శక్తి కూడదీసుకోవడానికి సాయం చేయగలం, అంతే. నీడగా, వెచ్చగా, సందడి లేని చోట ఉంచండి. లవణాల పొడి కలిపిన నీళ్లు రోజూ కొత్తగా కలిపి పెట్టండి. మేతను తడిపి మెత్తగా చేసి లోతైన గిన్నెలో పెడితే, మెడ తిరిగిన కోడి కూడా కొంత తినగలుగుతుంది. నోరు బలవంతంగా తెరిచి నీళ్లు పోయకండి. ఊపిరి ఆడక ఎగరొప్పుతున్న కోడికి అవి ఊపిరితిత్తుల్లోకి పోయి, తెగులుకన్నా ముందే చచ్చిపోతుంది.

యాంటీబయాటిక్స్ వైరస్‌ను ఏమీ చేయలేవు. దీని మీద పడి వచ్చే బ్యాక్టీరియా జబ్బుల కోసం డాక్టరు రాస్తే వాడండి. వాడినన్నాళ్లూ, ఆపాక డాక్టరు చెప్పినన్ని రోజులూ ఆ గుడ్లు, మాంసం తినకూడదు. ఆకులు నూరి పోయడం, పొగ వేయడం లాంటి ఇంటి వైద్యాలతో బతికిందని చెప్పే కోళ్లు, చేయకపోయినా బతికి ఉండేవే. తక్కువ తీవ్రత ఉన్న రకం సోకితే చాలా కోళ్లు వాటంతట అవే తేరుకుంటాయి.

తేరుకున్న కోడికి మెడ తిరుగుడు నెలల తరబడి, ఒక్కోసారి జీవితాంతం ఉండిపోతుంది. పైకి బాగున్నా కొన్ని వారాలపాటు దాని రెట్టలో, ముక్కు నీటిలో వైరస్ వస్తూనే ఉండొచ్చు. అందుకని కనీసం నెల రోజులు మందలో కలపకండి. నన్నడిగితే, పది పదిహేను కోళ్లున్న ఇంట్లో బాగా దెబ్బతిన్న కోడిని బాధ లేకుండా ముగించమని డాక్టరును అడగడమే సరైన పని. ఒక్క కోడి మీది మమకారంతో మిగతావాటిని పణంగా పెట్టడం తగదు.

శుభ్రం చేసే తీరు

రెట్టలో, చల్లగా తడిగా ఉన్నచోట ఈ వైరస్ వారాల తరబడి బతుకుతుంది. ఎండకూ వేడికీ సబ్బుకూ మాత్రం తట్టుకోలేదు. గూడు మొత్తం ఖాళీ చేసి, పాత గడ్డి, పొట్టు, రెట్ట, ఈకలు అన్నీ ఊడ్చి కాల్చేయండి లేదా పూడ్చండి. మట్టి నేలయితే పైన రెండు మూడు అంగుళాలు చెక్కి తీసేసి సున్నం చల్లండి.

చాలామంది దారి తప్పేది ఇక్కడే: మురికి మీదే బ్లీచింగ్ చల్లేసి పని అయిపోయిందనుకుంటారు. రెట్ట, మట్టి ఉన్నచోట బ్లీచింగ్ బలం వాటితోనే సరిపోతుంది. ముందు సబ్బు నీళ్లతో రుద్ది కడగాలి, ఆరాక మందు వేయాలి. దుకాణాల్లో దొరికే ద్రవరూప బ్లీచ్‌లో సాధారణంగా సుమారు 5 శాతం హైపోక్లోరైట్ ఉంటుంది. దానికి ఒక వంతుకు నాలుగు వంతుల నీళ్లు కలిపితే 1 శాతం ద్రావణం తయారవుతుంది. దాన్ని ఏ రోజుకారోజు కలుపుకుని, గోడలు, దూలాలు, నీళ్ల పాత్రలు బాగా తడిసేలా చల్లి, కనీసం పావుగంట ఉంచి కడిగేయండి. యాసిడ్‌తో గానీ వేరే క్లీనర్‌తో గానీ బ్లీచ్ కలపకండి, విషవాయువు వస్తుంది. గంపలు, గుడ్ల ట్రేలు, గోనె సంచుల్లాంటివి కడగడం కష్టం. పాతవైతే కాల్చేయడమే సుఖం.

ఆ తర్వాత గూడును ఎండ తగిలేలా తెరిచి, ఖాళీగా వదిలేయండి. కనీసం మూడు వారాలు, ఆపుకోగలిగితే ఆరు వారాలు కొత్త కోళ్లు తేకండి. ఖాళీ గూడు చూస్తూ ఊరుకోవడం కష్టమే గానీ, తొందరపడి తెచ్చిన కోళ్లు కూడా అదే దారి పడతాయి.

టీకా: అసలు మందు ఇదే

ఎక్కువగా వాడే టీకాలు మూడు రకాలు. మొదటిది బలహీనపరిచిన బతికున్న వైరస్‌తో చేసే ఎఫ్1, బీ1, లసోటా లాంటివి. వీటిని కంట్లోనో ముక్కులోనో చుక్కగా వేస్తారు. రెండోది చంపిన వైరస్‌ను నూనెలో కలిపి ఇంజెక్షన్‌గా ఇచ్చేది. మూడోది ఐ-2 లాంటి వేడిని తట్టుకునే టీకాలు. ఆస్ట్రేలియాలో అభివృద్ధి చేసిన ఐ-2, ఫ్రిజ్ సౌకర్యం సరిగా లేని పల్లెల కోసమే పుట్టింది. ఇవి కాక ఆర్2బి లాంటి కాస్త గట్టి రకాలు కొన్ని దేశాల్లో వాడతారు. వాటిని ఎనిమిది వారాలు దాటని పిల్లలకు ఎట్టి పరిస్థితుల్లోనూ వేయకూడదు.

ఎక్కువగా పాటించే క్రమం ఇది: పిల్లలకు 5 నుంచి 7 రోజుల వయసులో ఎఫ్1 లేదా లసోటా ఒక చుక్క, నాలుగు వారాలకు లసోటా మరోసారి, ఎనిమిది నుంచి పది వారాల మధ్య ఇంజెక్షన్. మళ్లీ ఎప్పుడు వేయించాలో మీ డాక్టరు చెబుతారు. మొదటి చుక్కతో ఆపేయడం పెద్ద పొరపాటు. తల్లికి టీకా పడి ఉంటే దాని నుంచి వచ్చిన రక్షణ పిల్లలో మొదటి రెండు మూడు వారాలు ఉంటుంది, ఆ రక్షణే టీకా వైరస్‌ను కూడా కొంత అణచేస్తుంది. అందుకే రెండోసారి వేస్తేనే అది నిలబడుతుంది.

అయితే పెరట్లో అన్ని వయసుల కోళ్లూ ఎప్పుడూ ఉంటాయి. ఒక పెట్ట నిన్న పిల్లల్ని దించింది, ఇంకోటి వచ్చే వారం దించుతుంది. ఏ పిల్లకు ఎన్నో రోజో లెక్కపెట్టి టీకా వేయడం ఫారంలో కుదురుతుంది గానీ ఇంటి దగ్గర కుదరదు. అలాంటి చోట ఐ-2 దొరికితే, మూడు నాలుగు నెలలకోసారి ఒక రోజు ఖాయం చేసుకుని, పిల్లా పెద్దా అని చూడకుండా అన్నిటికీ ఒక్కో చుక్క వేసేయడమే నాకు నచ్చే పద్ధతి. మీ ప్రాంతంలో ఏటా తెగులు వచ్చే కాలం తెలిసి ఉంటే, దానికి కనీసం నెల ముందు ఒక విడత పడేలా చూసుకోండి.

చుక్క వేసే పద్ధతి:

1. ముందు రోజు రాత్రే కోళ్లను గూట్లో మూసేయండి. పొద్దున్నే వదలకముందు పట్టుకుంటే పరుగులుండవు. రెండు వారాల ముందు నట్టల మందు వేసి ఉంటే టీకా బాగా పడుతుంది.

2. టీకాను ఐస్ వేసిన ఫ్లాస్కులో తీసుకురండి. 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. టీకాను కలిపే ద్రవాన్ని, ఇంజెక్షన్ టీకాను గడ్డకట్టనివ్వకండి. గడువు తేదీ చూడండి.

3. ఎండ తగలని నీడలో, దానితోపాటు ఇచ్చిన ద్రవంతోనే కలపండి. కుళాయి నీళ్లలోని క్లోరిన్ టీకాను చంపేస్తుంది. నురగ వచ్చేలా గట్టిగా ఊపకండి.

4. కోడిని పక్కకు తిప్పి పట్టుకుని, డ్రాపర్‌ను నిలువుగా పట్టి కంట్లో ఒక చుక్క వేయండి. డ్రాపర్ కొస కంటికి తగలకూడదు. చుక్క లోపలికి ఇంకి, కోడి రెప్ప ఆడించేదాకా వదలకండి. బయటికి జారిపోతే మరో చుక్క వేయండి. ముక్కులో వేస్తే రెండో రంధ్రాన్ని వేలితో మూస్తే పీల్చుకుంటుంది.

5. కలిపాక గంట, మహా అయితే రెండు గంటల్లో వాడేయాలి. మిగిలింది రేపటికి దాచుకోకూడదు. ఖాళీ సీసాను మరిగించి పారేయండి. చేతులు కడుక్కునేదాకా కళ్లు నలుపుకోకండి.

తాగే నీళ్లలో కలపడం తేలికే గానీ, బయట తిరిగే కోళ్లు ఏ గుంటలోనో నీళ్లు తాగి వస్తాయి. ఏది ఎంత తాగిందో తెలియదు. పది కోళ్లున్న ఇంట్లో చుక్కే నయం. లసోటా వేశాక మూడు నాలుగు రోజులు కొన్ని కోళ్లు తుమ్మితే భయపడక్కర్లేదు.

సీసాలు సాధారణంగా వంద డోసులకు తక్కువ రావు, మీకున్నవి పన్నెండు. చాలామంది టీకా మానేయడానికి అసలు కారణం ఇదే. చుట్టుపక్కల నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి ఒకే సీసా తెప్పించుకోండి. కోళ్లన్నిటినీ ఒకచోటికి తేకుండా, టీకా వేసే మనిషే ఇంటింటికీ వెళ్లాలి. ఇంటికీ ఇంటికీ మధ్య చేతులు, చెప్పులు కడుక్కోవాలి. జబ్బున్న ఇంటికి ఆ రోజు వెళ్లకూడదు.

టీకా వేశాక రక్షణ రావడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. పక్కింట్లో తెగులు వచ్చి మీ కోళ్లు ఇంకా బాగుంటే వెంటనే వేయించి, ఆ రెండు వారాలూ బయటికి వదలకండి. మీ మందలోనే చావులు మొదలైతే మాత్రం వేయాలో వద్దో డాక్టరు నిర్ణయించాలి. అప్పటికే లోపల వైరస్ ఉన్న కోళ్లు ఎలాగూ పోతాయి, "టీకా వేస్తే చచ్చాయి" అనే పుకారు పుట్టేది అక్కడే. టీకా పడ్డ కోడి జబ్బుపడి చావకుండా తప్పించుకుంటుంది గానీ, వైరస్ సోకకుండా, పంచకుండా పూర్తిగా ఆగదు. అందుకే కింది జాగ్రత్తలు టీకా వేసిన ఇంటికీ వర్తిస్తాయి.

తెగులు ఇంట్లోకి వచ్చే దార్లు

కొత్త కోడి మొదటి దారి. ఎక్కడ కొన్నా, ఎవరిచ్చినా, కనీసం మూడు వారాలు వేరుగా ఉంచండి. అమ్మడానికి తీసుకెళ్లి వెనక్కి తెచ్చిన కోడీ, పందానికో ప్రదర్శనకో వెళ్లి వచ్చిన పుంజూ కొత్త కోడి కిందే లెక్క. 2018 మేలో దక్షిణ కాలిఫోర్నియాలో ఈ తెగులు ఎక్కువగా పెరటి కోళ్లలోనే చెలరేగి, 2020 జూన్‌లో గానీ అదుపులోకి రాలేదు. పన్నెండు లక్షలకు పైగా పక్షుల్ని చంపాల్సి వచ్చింది. అక్కడ కూడా అధికారులు ముందు చేసిన పని కోళ్లను ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదలనివ్వకుండా ఆపడమే.

పావురాలకు ఇదే వైరస్‌లో ఒక రకం సోకుతుంది, కోళ్ల మేతలో వాలనివ్వకండి. బాతులు తరచూ జబ్బు కనబడకుండానే వైరస్‌ను మోస్తాయి, కోళ్లనూ బాతులనూ ఒకే గూట్లో పెట్టకపోవడం మంచిది. కోళ్ల బేరగాళ్లను, వాళ్ల గంపలను గూటి దాకా రానివ్వకుండా గుమ్మం దగ్గరే మాట్లాడండి. గుడ్ల ట్రేలు అరువిచ్చి పుచ్చుకోవద్దు. కోడి మాంసం కడిగిన నీళ్లు, ఈకలు, పేగులు పెరట్లో పారబోయవద్దు. బయట కొన్న మాంసం విషయంలో ఇది మరీ ముఖ్యం. గూటి దగ్గరికి వెళ్లడానికి వేరే చెప్పులుంటే చాలు, సగం దార్లు మూసుకుపోతాయి.

ఒక పాత క్యాలెండర్ గూటి తలుపుకు తగిలించి, టీకా వేసిన తేదీ, టీకా పేరు, సీసా మీది బ్యాచ్ నంబరు, ఎన్ని కోళ్లకు వేశారో రాసి పెట్టుకోండి. రేపు ఏదైనా తేడా వస్తే డాక్టరు మొదట అడిగేది అదే.